తొమ్మిదో క్లెయిము

నా జన్మలో నాకు జరిగిన పెద్ద ఉపకారాల్లో ఒకటి, ముఖం తెలియని ఒక అధికారి చేశాడు. ఏం చేశాడయ్యా అంటే, నేను పంపిన పేటెంటు దరఖాస్తును వరసబెట్టి కొట్టేశాడు. ఆ కాగితం ఈమెయిల్లో వచ్చిన పొద్దు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మదనపల్లెలో మా షాపు పక్కన టైర్ల అంగడాయన లేచి వచ్చి, "ఏమప్పా, ఎవురితో గొడవ? లోపల ఎవురూ లేరే!" అని తొంగి చూసి పోయాడు. ఇప్పుడు ఆ అధికారి ఎదురుపడితే రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. ఎందుకో చెప్పాలంటే నా బుద్ధితక్కువ మొదటినుంచీ చెప్పుకోవాలి. ఎవరి పేర్లూ రాయను. పేర్లతో నేను చేసిన రభస ఒక జీవితానికి చాలు.

మాది చిన్న షాపు. ఊళ్లలో పాలు పోసే సెంటర్లలో వెన్న శాతం చూసే మిషన్లు ఉంటాయి కదా, వాటి లోపల కరెంటును సర్దే బోర్డులు మేము తయారుచేస్తాం. మా వైపు ఆ మిషన్లు ఒకచోట కుదురుగా కూర్చోవు. పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు, మోటారు సైకిలు వెనక కట్టుకుని తిప్పుతారు. తంబళ్లపల్లె వైపు, పెద్దతిప్పసముద్రం వైపు లోపలి రోడ్ల మీద తిరిగినవాళ్లకు దాని అర్థం నేను చెప్పక్కర్లేదు. నడుములే నిలవవు, బోర్డులేం నిలుస్తాయి.

ట్రాన్స్‌ఫార్మర్ అనగానే అందరికీ స్తంభం మీది డబ్బా గుర్తొస్తుంది. బోర్డు మీద ఉండేది అగ్గిపెట్టెంత. మామూలుగా అందులో రాగి తీగ చుట్టి ఉంటుంది. నేను చేసిన రకంలో తీగే ఉండదు. బోర్డు పొరల్లోనే రాగి గీతలు చుట్లు చుట్లుగా అచ్చయి ఉంటాయి. బోర్డుకు బెజ్జాలు కోసి పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి నల్లటి ఫెర్రైట్ ముక్కలు బిగిస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్. పలచగా, ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ఫెర్రైట్ ఉంది చూశారూ, పలకబలపం లాంటిది. వంగమంటే విరుగుతుంది. గుంతలో బండి దిగినప్పుడల్లా బోర్డు రవ్వంత వంగుతుంది, ఫెర్రైట్ పుటుక్కుమంటుంది, మిషను మూగబోతుంది. పాల సెంటరాయన ఫోను చేసి నా వంశాన్ని తలుచుకుంటాడు.

జిగురు మార్చాను. కింద రబ్బరు వేశాను. బోర్డు మందం పెంచాను. ఏం చేసినా వారానికి నాలుగు బోర్డులు పగిలి తిరిగొచ్చేవి. వాటిని ఒక నూనె డబ్బాలో పడేసి దాన్ని కాలితో తంతూ తిరిగేవాణ్ణి.

మా షాపులో సోల్డరింగు చేసే ఆమె తంబళ్లపల్లె దగ్గర ఒక పల్లెనుంచి రోజూ బస్సులో వస్తుంది. నలభై ఏళ్లుంటాయి. మా దగ్గర చేరకముందు ఇంట్లో మిషను పెట్టుకుని రైకలు కుట్టేది. మాట తక్కువ, చెయ్యి చురుకు. ఒక మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు కడుక్కుని వచ్చి, నేను తన్నిన డబ్బాలోంచి ఒక పగిలిన బోర్డు తీసి అటూ ఇటూ వంచి చూసింది.

"ఏందన్నా, దీనికి ఇంతగా తల పట్టుకుంటాండావు? బోర్డు వంగతాది, ఈ నల్లరాయి వంగదు. ఆ రెండిటినీ కలిపి బిగిస్తే యాడో ఒకసోట తెగతాది కదా."

"అయితే ఏం చెయ్యమంటావమ్మా?"

"రైకకు మెడ తిప్పేటప్పుడు ఏం చేస్తాము? సుట్టూ గాట్లు పెడతాము. గాట్లు లేకపోతే గుడ్డ గుంజుకుంటాది. దీనికీ రాయి సుట్టూ గాట్లు పెట్టు."

నేను నవ్వాను. "ఇది బోర్డమ్మా, రైక కాదు" అన్నాను. ఆమె నా నవ్వును లెక్కచెయ్యలేదు. నల్ల పెన్ను తీసుకుని బోర్డు మీద గాట్లు గీసి చూపించింది. ఒకే వరసలో కాదు. రెండు వరసలు, ఒక వరసలో గాటు ఎక్కడ ఆగుతుందో దానికి ఎదురుగా రెండో వరస గాటు నడిమిభాగం వచ్చేట్టు. ప్రతి గాటు చివరా చిన్న సున్న చుట్టింది. "మొన దేలితే ఆడినుంచే చినుగుతాది. గుండ్రంగా ఉండాల" అని చెప్పి, పోయి తన కుర్చీలో కూర్చుని పని చేసుకుంది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.

గాట్లు కోస్తే బోర్డు లోపలి రాగి గీతలు తెగిపోతాయి. గాట్ల మధ్య మిగిలే సన్నటి పట్టీల మీదుగా ఆ గీతలను ఎలా నడిపించాలో తేల్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ భాగం మాత్రం నాది, కాదనను. కొత్త బోర్డులు పెట్టిన మిషన్లు ఊళ్లు తిరగడానికి పోయాయి. వారమైంది, నెలయింది, మూడు నెలలైంది. ఒక్కటంటే ఒక్క ఫెర్రైట్ పగల్లేదు. పాల సెంటరాయన ఫోను చేసి, "బతికుండావా అప్పా? ఈ మధ్య తిట్టేదానికి కూడా దొరకడం లేదే" అన్నాడు. సంతోషం పట్టలేక పేటెంటు వేద్దామనుకున్నాను.

అక్కడ చేశాను తప్పు. ఫారంలో కనిపెట్టినవాళ్ల పేర్లు రాయమని ఒక గడి ఉంటుంది. చెన్నైలో ఉండే మా పేటెంటు ఏజెంటు ఫోనులో అడిగింది, ఎవరెవరి పేర్లు సార్ అని. మా వైపు పెండ్లి పత్రికలు చూసినవాళ్లకు తెలుస్తుంది, పెండ్లికొడుకు పేరు వెతుక్కోవాలి. ముందు తాతలు, తర్వాత మేనమామలు, వాళ్ల తర్వాత ఊళ్లో నాలుగు మంచి మాటలు చెప్పిన ప్రతి పెద్దమనిషీ. ఒక పేరు తప్పిపోతే భోజనాల దగ్గర అలకలు. నేను ఆ అలవాటులోనే పెరిగిన మనిషిని. మంచి కాగితం ఒకటి అచ్చవుతోందంటే పెద్దల పేర్లు లేకుండా ఎట్లా? కుప్పంలో నాకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన సార్ పేరు మొదట రాయించాను. పుంగనూరులో తన అంగడి వెనక గదిని ఇచ్చి నా మొదటి షాపు పెట్టించిన మేనమామ పేరు రెండోది. నా పేరు వినయంగా మూడోది. సంతకాలు ఇద్దరూ పెట్టారు. దరఖాస్తు పేటెంటు ఆఫీసు పత్రికలో ప్రచురణ అయినప్పుడు, పేర్లున్న ఆ పేజీని ఫ్రేము కట్టించి షాపులో తగిలించాను. ఖాళీగా ఉన్న మేకు ఒక్కటే ఉండింది, సోల్డరింగు బల్లకు పైన. అక్కడ తగిలించాను.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి బుద్ధినో ఎత్తి ఎవరికో దక్షిణ ఇచ్చాను. పైగా కృతజ్ఞత తీర్చుకున్నానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

దరఖాస్తును పరీక్షించి ఆఫీసు పంపే ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చేసరికి, ఆ ఫ్రేము తగిలించి మూడేళ్లయింది. క్లెయిము అంటే 'ఇంతవరకు మాది' అని పేటెంటులో గీసుకునే గట్టు. నేను తొమ్మిది గట్లు గీసుకున్నాను. మొదటి ఎనిమిదీ నా పాండిత్యం. రాగి చుట్లు పొరల్లో ఎట్లా వెయ్యాలి, ఫెర్రైట్ ఎట్లా కూర్చోబెట్టాలి, వేడి ఎట్లా పోవాలి. తొమ్మిదోది, చివర్న, 'ఫెర్రైట్ చుట్టూ బోర్డులో గాట్లు ఉన్నట్టిది' అని ఒక్క వాక్యం. అది కూడా ఏజెంటు పట్టుబట్టి చేర్పించింది.

ఆ అధికారి పాత పేటెంట్లు మూడు తెచ్చి పెట్టాడు. ఒకటి జపానుది, ఒకటి అమెరికాది, మూడోది ఎక్కడిదో గుర్తులేదు. మొదటి క్లెయిము ఇందులో ఉంది. రెండు, మూడు అందులో ఉన్నాయి. నాలుగునుంచి ఎనిమిది వరకు ఈ పని తెలిసిన ఎవరికైనా తడతాయి. నా ఎనిమిది గట్లనూ ట్రాక్టరు పెట్టి చదును చేశాడు. తొమ్మిదో దాని గురించి మాత్రం, ఈ గాట్ల అమరిక ఏమిటి, దీనివల్ల ఏం జరుగుతుందో వివరంగా లేదు, వివరించండి అని రాశాడు. జవాబుకు ఆరు నెలలు గడువు.

తిట్లు అయిపోయాక ఏజెంటుకు ఫోను చేశాను. ఆమె చిన్న వయసు పిల్లే కానీ నాలుగు ముక్కల్లో తేల్చింది. "సార్, మనకు మిగిలింది తొమ్మిదోదే. దాని మీదే పోరాడాల. గాట్ల ఆలోచన ఎలా వచ్చింది, ఈ రంగంలో వాళ్లకు ఎందుకు తట్టదు, మీ మాటల్లో రాసి పంపండి."

కాగితం తీసుకుని కూర్చున్నాను. 'గాట్ల ఆలోచన ఎలా వచ్చిందంటే' అని రాశాను. తర్వాతి మాట 'మా షాపులో' అని వచ్చింది. ఆ తర్వాత పెన్ను కదల్లేదు. తల ఎత్తితే ఎదురుగా ఆమె వంగి సోల్డరింగు చేస్తోంది. ఆమె తల మీద గోడకు నా ఫ్రేము. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే మనిషిని కథల్లో విన్నాను గానీ, అది నేనే అవుతానని అనుకోలేదు.

మరుసటి రోజు ధైర్యం కూడదీసుకుని ఆమె దగ్గరికి స్టూలు జరుపుకుని కూర్చున్నాను. "అమ్మా, ఆ గాట్ల సంగతి నువ్వే కదా చెప్పింది. పేటెంటులో నీ పేరు ఉండాల. నేను మరిచిపోయినా."

ఆమె సోల్డరింగు కడ్డీని స్టాండులో పెట్టింది. "మరిచిపోలేదన్నా. మరిచిపోవాలంటే ముందు గుర్తుండాల కదా."

ఆమె ఫ్రేము వైపు చూడకుండా చేత్తో చూపించింది.

"ఈ కాగితం తగిలించిన వారంలోనే మా పాపను పిలుచుకొచ్చి సదివించినా. నువ్వు పుంగనూరు పోయినావు ఆ పొద్దు. 'ఈడ ఏం రాసిండాదిమే' అంటే, 'దీన్ని కనిపెట్టినోళ్ల పేర్లుమా' అనింది. మూడు పేర్లు సదివింది. 'కింద ఇంకా ఉంటాయేమో సూడు' అన్నా. 'లేవుమా' అనింది."

మూడేళ్లు. ఆ పేర్ల కింద కూర్చుని రోజూ నా బోర్డులు అతికించింది.

"యాల అడగలేదమ్మా నన్ను?"

"అడిగి తెచ్చుకుంటే అది నువ్వు ఇచ్చిన పేరు అవుతాది. నాది యాడ అవుతాది?"

నేను లేచి ఫ్రేము తీయబోయాను. "ఉండనీలే, తీస్తే గోడకు మరక కనపడతాది" అంది. అది వెటకారమో నిజమో నాకిప్పటికీ తెలీదు. తీసేశాను. మరక కనపడింది.

"సరే అమ్మా, ఇప్పుడు నాలుగో పేరుగా..." అని మొదలుపెట్టానో లేదో, కడ్డీ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"నాలుగో పేరు నాకొద్దు. ఆ పెద్దోళ్లు ఇద్దరూ ఈ బోర్డు మొఖమైనా సూసినారా? వాళ్లను తీసి రా. అప్పుడు మాట్లాడదాము. లేదంటే నువ్వే రాసుకో పో, నీకెట్ల తట్టిందో."

నిజం ఒప్పుకోవాలి, నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికే ముందు కోపం వస్తుంది కాబోలు. ఇంటికి పోతూ దారంతా గొణుక్కున్నాను. ఆమె పేరు లేకుండా కూడా జవాబు రాయొచ్చు, ఆ అధికారికి ఏం తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. అనుకున్న మాట దాచడం ఎందుకు. కానీ ఆ జవాబు రాయాలంటే రైక మెడ గురించి రాయాలి. నేను జన్మలో రైక కుట్టలేదు. ఏజెంటును అడిగితే ఆమె ఇంకో పిడుగు వేసింది. కనిపెట్టనివాళ్ల పేర్లుంటే రేపు ఎవరైనా ఆ ఒక్క తప్పు పట్టుకుని పేటెంటును లాగేయొచ్చట. మార్చాలంటే ఆ ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలట.

ముందు పుంగనూరు పోయాను. మామకు విత్తనాలు, పురుగుమందుల అంగడి. ఎదురుగా టీకొట్టు. పేటెంటు దరఖాస్తులో పేరు పడినప్పటినుంచీ ఆ టీకొట్లో ఆయన్ని సైంటిస్టు అని పిలుస్తున్నారు. మొదట ఎగతాళికే పిలిచారు గానీ ఆయన పలకడం మొదలుపెట్టేసరికి అదే ఖాయమైంది. నేను పోయేసరికి ఒక రైతుకు టమాటా ఆకు మీద మచ్చలు ఎందుకొచ్చాయో చెబుతున్నాడు. రైతు వెళ్లిందాకా ఆగి సంగతి చెప్పాను.

"ఏమిరా! పెట్టిన పేరు తీసేస్తావా?" అంగడి దద్దరిల్లింది. "చచ్చినోడి పేరు కూడా ఓటర్ల లిస్టులో ఉంచుతారు కదరా, నేను ఇంకా బతికే ఉండానే!"

"మామా, నువ్వు నాకు గది ఇచ్చినావు. అది నేను సచ్చేదాకా మరిచిపోను. కానీ ఈ బోర్డు కనిపెట్టింది నువ్వు కాదు."

"కాదని నాకు తెలీదా? నువ్వే కదా వచ్చి సంతకం పెట్టు మామా, నీ ఆశీర్వాదం అంటివి. ఇప్పుడు ఆశీర్వాదం వాపసు ఇయ్యమంటాండావు. ఆయమ్మ పేరు కూడా ఎక్కించు, నాది యాల తీయాల?"

"ఆమె ఒప్పుకోవడం లేదు మామా."

"కూలికొచ్చే మనిషి ఒప్పుకోకపోతే..." అని మామ ఇంకా ఏదో అనబోయాడు. లోపల గల్లా దగ్గర కూర్చున్న అత్త అంతవరకు నోరెత్తలేదు.

"ఆ మాట అక్కడే ఆపు" అంది. "ఇందాక ఆ రైతుకు చెప్పినావే ఆకుమచ్చ సంగతి, అది నీకు ఎవురు చెప్పినారు?"

మామ గల్లా వైపు తిరగకుండా పురుగుమందు సీసాలు సర్దసాగాడు.

"నేను పొద్దున చెప్పినా. నేను చెప్పిందే నువ్వు చెప్తావు. ఆ రైతు నీకే దండం పెట్టి పోయినాడు. ముప్పై ఏండ్లుగా సూస్తాండాను. నాకైతే అలవాటైపోయింది. ఆయమ్మకు కాలేదు, మంచిదే. సంతకం పెట్టు. టీకొట్లో వాళ్లకు నేను చెప్తాలే."

మామ చాలాసేపు పెన్ను కోసం వెతికాడు. పెన్ను జేబులోనే ఉంది. సంతకం పెట్టి, "టీకొట్లో నువ్వేం చెప్పొద్దు. నేనే చెప్పుకుంటా" అన్నాడు. నేను బస్సెక్కబోతుంటే వెనకాలే వచ్చి ఒక సంచీలో రెండు కిలోల చింతపండు పెట్టి, "ఆయమ్మకు ఇయ్యి. సైంటిస్టు పంపించినాడని చెప్పొద్దు" అన్నాడు. మామ మీద నాకు ప్రేమ ఆ రోజు ఇంకొంచెం పెరిగింది.

పలమనేరు మీదుగా కుప్పం పోయాను. సార్‌కు ఎనభై దాటాయి. వరండాలో కూర్చుని రేడియో విప్పి పెట్టుకున్నారు. చెబుతుంటే మధ్యలోనే చెయ్యి ఎత్తి ఆపారు.

"ఆ కాగితంలో నా పేరు కనిపెట్టినవాడిగా ఉందా? నేను సాక్షి సంతకం అనుకున్నానే!"

"మీరు చదువు చెప్పినందుకు సార్, గురుదక్షిణగా..."

"నేనేం చదువు చెప్పినాను నీకు? ల్యాబులో రాని రీడింగు రాస్తే ఏం చేసేవాణ్ణి?"

"కొట్టేవాళ్లు సార్."

"ఇది దొంగ రీడింగు కాక ఇంకేంది?" సంతకం పెట్టి కాగితం నా మీదికి తోశారు. ఇంత వయసొచ్చి, జుట్టు నెరిసి, ఆ వరండాలో నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసింది. సిగ్గుతోపాటు, నన్ను ఇంకా తిట్టే మనిషి ఒకరు మిగిలి ఉన్నారని కళ్లు చెమ్మగిల్లాయి. వచ్చేటప్పుడు సార్ అన్నారు, "ఆ అమ్మను ఒకసారి తీసుకురా. గాట్లు ఎట్ల పెట్టిందో నాకు చెప్పాల."

రెండు సంతకాలూ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాను. చింతపండు సంచీ పక్కన పెట్టాను. కాగితాలు వెలుతురుకు పట్టి చూసింది. "సరే, రాసుకో" అని, రైక మెడనుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. ఆమె చెప్పడం, నేను రాయడం. పని తెలిసినవాళ్లకు ఇది ఎందుకు తట్టదని అడిగితే, "మీరు బోర్డును గట్టి చెయ్యాలని సూస్తారు. కుట్టేవాళ్లకు తెలుసు, కొంచెం వదిలితేనే నిలుస్తాదని" అంది. ఆ మాటను ఏజెంటు ఇంగ్లీషులో పెట్టి, పేర్ల మార్పు కాగితాలతో సహా పంపింది.

కొన్నాళ్లకు హియరింగు పెట్టారు, వీడియోలో. చెన్నైనుంచి ఒక పెద్ద అధికారిణి. తెర మీద ఒక గడిలో ఆ అధికారిణి, ఒక గడిలో ఏజెంటు, ఒక గడిలో మేమిద్దరం. ఆ రోజు మా షాపు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఒళ్లో ఒక సంచీ పెట్టుకుని కూర్చుంది. ఇది పోతే నా పాండిత్యం పోతుంది, దానిదేముంది, ముందే పోయింది. కానీ మూడేళ్ల తర్వాత కాగితం మీదికి ఎక్కిన ఆమె పేరు, ఎక్కిన నెలకే కొట్టివేత కింద పడుతుంది. అదే నా భయం.

అధికారిణి సూటిగా అడిగింది. పాత పేటెంట్లలో ఒకదానిలో బోర్డుకు గాట్లు ఉన్నాయి, మీది కొత్త ఎట్లా అయింది? ఏజెంటు తెలుగులో చెప్పి, నన్ను చూసింది. నేను నోరు తెరిచాను. పక్కనుంచి ఆమె చెయ్యి వచ్చి నా మోచేతిని పక్కకు జరిపింది.

"ఆ పాత పేటెంటు బొమ్మ నేనూ సూసినా మేడమ్" అంది. సంచీలోంచి సగం కుట్టిన రైక ఒకటి, మా బోర్డు ఒకటి తీసి కెమెరా ముందు పెట్టింది. "వాళ్ల గాట్లన్నీ ఒకే వరసలో ఉండాయి. ఒక వరసలో పెడితే వంపంతా ఆడికే పోతాది, ఆడే చినుగుతాది. మేము రెండు వరసలు పెట్టినాము, ఒకదాని నడుమకు ఎదురుగా ఇంకోటి. వంపు పంచుకుంటాయి. రాయిదాకా రాదు. గాటుకూ గాటుకూ నడుమ పట్టీలో రాగి పోతాది సూడండి, అది మా అన్న చేసినాడు. అది నాకు రాదు."

ఏజెంటు ఇంగ్లీషులో చెప్పింది. అధికారిణి ఏదో రాసుకుంది. తర్వాత, ఆశ్చర్యం, తెలుగులోనే అడిగింది. "మీకు ఇది ఎవరు చెప్పారమ్మా?"

"ఎవురు చెప్తారు మేడమ్? రైక చినిగిపోయిందని తిరిగొచ్చి తిట్టినోళ్లు చెప్పినారు."

ఆ అధికారిణి నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. 'మా అన్న చేసినాడు' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నేను మూడేళ్లు ఆమె భాగాన్ని దాచాను. ఆమె ఒక్క నిమిషం మాట్లాడింది, అందులో నా భాగం నాకు ఇచ్చేసింది.

మొదటి ఎనిమిది క్లెయిములూ పోయాయి. తొమ్మిదోది ఒకటో క్లెయిముగా మారి, పేటెంటు మంజూరైంది. కనిపెట్టినవాళ్లు అడిగితే విడిగా వాళ్ల పేరుతోనే ఒక సర్టిఫికెట్టు ఇస్తారని ఏజెంటు చెప్పింది. అడిగాం. ప్రింటు తీసి ఇచ్చాను. మొదటి అధికారి నా ఎనిమిది గట్లనూ ఒప్పుకుని ఉంటే, ఆ ప్రింటు ఎప్పటికీ వచ్చేది కాదు. నేను చచ్చేదాకా కృతజ్ఞత గల మనిషినని నమ్ముతూ, ఆమె తల మీద ఆ ఫ్రేమును తుడుచుకుంటూ బతికేవాణ్ణి.

ఆమె తన పేరును వేలితో తడిమి చూసుకుంది. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

"మూడేండ్లు నీ మీద కోపంగా ఉండాను అన్నా" అంది. "ఇప్పుడూ ఉండాది. కొంచెం తగ్గింది."

"తగ్గినకాడికి చాలమ్మా" అన్నాను. నిజంగానే చాలనిపించింది.

మొన్న ఒక పొద్దున షాపుకు వచ్చి, చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి, "అన్నా, మిషను మూత లోపలికి పాల తడి పోతాండాది కదా, దానికి ఒకటి తట్టింది" అంది. నేను గబగబా స్టూలు లాగి, "చెప్పమ్మా, చెప్పు" అన్నాను.

ఆమె కూర్చోలేదు.

"ముందు ఆ ఫారం తియ్యి. నా పేరు రాయి. రాసినాక చెప్తా."

ఫారం తీశాను. ఆమె దగ్గరికి వచ్చి నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది. ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాశాను. చివరి అక్షరం దాకా చూసి, అప్పుడు కూర్చుంది.